చంపినా చావదన్న మొక్క

“ఇది చంపినా చావదు సార్” అన్నాడు నర్సరీ కుర్రాడు. రెండున్నర నెలల్లో చంపేశాను.

స్నేక్ ప్లాంట్ అది. మోకాలెత్తు ఆకులు, అంచులకు పసుపు గీత. తెల్లటి పింగాణీ కుండీతో కలిపి 650 రూపాయలు. నిజాంపేటలో ఈ ఫ్లాట్‌కి వచ్చిన కొత్తలో, హాల్లో టీవీ పక్క మూల బోసిగా ఉందని, కొత్తవాళ్లకి సులువైన మొక్కలేమిటో ఇంటర్నెట్లో వెతికాను. ఏ జాబితా తెరిచినా ముందు అదే. దాని కింద జెడ్‌జెడ్ ప్లాంట్, కలబంద, సక్యులెంట్లు. నెలకోసారి నీళ్లు పోస్తే చాలు, మరిచిపోయినా ఏం కాదు అని రాసుంది. ఇంకేం, నా బద్ధకానికి సరిగ్గా సరిపోయిందనుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది అమ్మని.

అమ్మ మాతోనే ఉంటుంది. కోనసీమ మనిషి. పొద్దున్నే స్నానం చేసి బాల్కనీలో తులసికి నీళ్లు పోస్తుంది. చెంబులో మిగిలినవి పారబోయడానికి ఆవిడకి మనసు రాదు. లోపలికి వస్తూ వస్తూ ఆ మిగిలిన నీళ్లు స్నేక్ ప్లాంట్ కుండీలో వంచేసేది. రోజూ. నేను ఆఫీసుకి తయారయ్యే హడావుడిలో ఉండి ఒక్కరోజూ చూడలేదు.

ఓ ఆదివారం ఇల్లు తుడుస్తూ, కుండీ జరుపుదామని ఆకు పట్టుకుంటే ఆకు చేతిలోకి వచ్చేసింది. లాగలేదు, ఊరికే పట్టుకున్నాను. పైనంతా పచ్చగా, గట్టిగానే ఉంది. మొదలు మాత్రం బాగా మగ్గి నల్లబడ్డ అరటిపండులా మెత్తబడి, దాన్లోంచి గోధుమరంగు నీరు కారుతోంది. వాసన గురించి ఎక్కువ చెప్పను, వారం రోజులు మూసుకుపోయిన సింకు వాసన. పాత పేపరు పరిచి కుండీ బోర్లిస్తే మట్టి కన్నా ముందు నీళ్లొచ్చాయి. కుండీకి అడుగున చిల్లే లేదు! ఒక వేరు రెండు వేళ్లతో పట్టి లాగితే, పైతొక్క ఒరలోంచి కత్తి జారినట్టు జారిపోయి లోపల దారప్పోగులాంటి నార మిగిలింది.

అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. “అదేంట్రా, రోజూ పోస్తూనే ఉన్నాను కదా. నోరు లేని జీవం, పాపం అడగలేదు కదా అని.”

ఆ మాటతోనే నాకు జాబితాల మీద అనుమానం మొదలైంది. ఇప్పుడు అనుమానం కాదు, వాదన. ఆ జాబితాలన్నీ మరిచిపోయేవాళ్ల కోసం రాసినవి. మన ఇళ్లలో మొక్కలు మరిచిపోవడం వల్ల చావడం నేను తక్కువగానే చూశాను. గుర్తుపెట్టుకోవడం వల్లే ఎక్కువ చస్తున్నాయి. అమ్మ పోస్తుంది. అమ్మ పోసిందో లేదో అని మా ఆవిడ పోస్తుంది. గిన్నెలు తోమడానికొచ్చే లక్ష్మిగారు బియ్యం కడిగిన నీళ్లు పోస్తుంది, బలమని. ఇలాంటి ఇంటికి ఎండిపోయినా బతికే మొక్కని తెచ్చి ‘సులువైన మొక్క’ అంటే ఎలా?

మా చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. తన దగ్గర ఇదే స్నేక్ ప్లాంట్ ఆరేళ్లుగా బతికుంది. చలికాలమంతా హీటర్ నడుస్తుంది, గాలి పొడిగా ఉంటుంది, భార్యాభర్తలిద్దరూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. నెలకోసారి ఎవరికో గుర్తొస్తే ఓ గ్లాసు పోస్తారు. ఆ మొక్కకి అది స్వర్గం. పశ్చిమ ఆఫ్రికా మొక్క, ఎండు కాలాలు చూసి పుట్టింది, దొరికిన నీళ్లు ఆకులోనే దాచుకుంటుంది. దీని చుట్టం ఒకటి మన కోరమాండల్ తీరంలో రాళ్ల మధ్య, పొదల కింద తనంతట తానే పెరుగుతుంది. చాగ అంటారు. దాని ఆకు నారతో వింటినారి పేనేవాళ్లు. వింటినారిని కావ్యాల్లో ‘మౌర్వి’ అనడం ఆ మొక్క సంస్కృత నామం మూర్వ మీద నుంచి వచ్చిందే. సామర్లకోటలో తోట వేసి ఇక్కడి మొక్కల మీద పని చేసిన విలియం రాక్స్‌బర్గ్ పేరే దాని శాస్త్రీయ నామంలో ఉంది. రాళ్లలో బతికే వంశమన్నమాట. దానికి రోజూ చెంబుడు నీళ్లు పోయడమంటే ఉపవాసం అలవాటైన మనిషికి పూటపూటా పెళ్లిభోజనం పెట్టడమే.

నీళ్లు ఎక్కువైతే మొక్క ఎందుకు చస్తుందో చాలామందికి ఎవరూ చెప్పరు. ‘ఓవర్ వాటరింగ్ చేయకండి’ అని మాత్రం చెబుతారు. వేరుకి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. ఆ సందులన్నీ రోజుల తరబడి నీళ్లతో నిండిపోతే వేరు ఊపిరాడక చస్తుంది. చచ్చిన వేరు మీద బూజు, బాక్టీరియా చేరతాయి. అసలు మోసం ఇక్కడే ఉంది. వేళ్లు చచ్చాక నీళ్లు పైకి ఎక్కవు. ఆకులు వాడిపోతాయి. చూసేవాళ్లకి అచ్చం దాహంతో వాడినట్టే ఉంటుంది. అయ్యో అని ఇంకో చెంబు పోస్తాం.

సరే, మొక్కలోకి నీళ్లు ఎంత వేగంగా ఎక్కుతాయనేది దేని మీద ఆధారపడుతుంది? ప్రధానంగా వెలుగు మీద. అందుకే నా ఉద్దేశంలో మొక్క పేరు వెతకడానికి ముందు ఇంట్లో వెలుగు చూసుకోవాలి. ఇందులో మన కళ్లని నమ్మకూడదు. చీకటికి కళ్లు అలవాటుపడిపోతాయి కాబట్టి హాలంతా ఒకేలా వెలుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. ఫోన్లో వెలుగుని కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగాను ఒకరోజు. ఎర్రటి ఎండలో మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్ దాకా ఉంటుంది. మా తూర్పు కిటికీ గట్టు మీద పొద్దున పదింటికి 1,800. అక్కణ్ణుంచి ఆరడుగులు లోపలికి వస్తే 300. టీవీ మూలలో 90. ఫోన్ యాప్ అంత కచ్చితంగా చెప్పదు గానీ, తేడా మాత్రం తెలుస్తుంది. యాప్ వద్దనుకుంటే మధ్యాహ్నం పూట తెల్ల కాగితం పెట్టి దాని మీద జానెడెత్తున చెయ్యి అడ్డం పెట్టండి. నీడ అంచులు స్పష్టంగా పడితే మంచి వెలుగు. మసగ్గా పడితే పర్వాలేదు. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా పెట్టకండి, నర్సరీవాడు ఏం చెప్పినా సరే.

‘తక్కువ వెలుగులో కూడా బతుకుతుంది’ అని లేబుల్ మీద రాసిన మాటకి అర్థం, అక్కడ పెరుగుతుందని కాదు. దాచుకున్నది తింటూ నెమ్మదిగా చిక్కిపోతుందని. జెడ్‌జెడ్ ప్లాంట్‌కి మట్టిలో దుంపలుంటాయి, ఆ దుంపల్లో నీళ్లు, పిండిపదార్థం ఉంటాయి. కాబట్టి చీకటి మూలలో కూడా నెలల తరబడి తళతళలాడుతూనే ఉంటుంది. మనం మురిసిపోతుంటాం. అది బ్యాంకు డిపాజిట్ తీసుకుని తినేస్తుంటుంది. మా టీవీ మూలలో ఇప్పుడు ఇత్తడి గంగాళం పెట్టాం. దానికి వెలుగక్కర్లేదు, చింతపండు చాలు.

పడమర కిటికీ సంగతి వేరు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి పడమటి గాజు కిటికీ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పల్చటి తెర లేకపోతే మనీప్లాంట్ ఆకుల మీద కూడా కాలిన మచ్చలు పడతాయి.

అమ్మ చేతికి ఏ మొక్క కుదురుతుందో నాకు తట్టింది నర్సరీలో కాదు, వంటింట్లో. కార్తీకమాసంలో ఒకరోజు కంద బచ్చలి కూర చేస్తోంది. కంద కోసే ముందు చేతులకి నూనె రాసుకుంటోంది, దురదని. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, దురద వాటి వల్లే. మనీప్లాంట్ గురించి చదువుతుంటే అదే మాట కనిపించింది, ఆకులో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి, పిల్లల్ని నోట్లో పెట్టుకోనివ్వకండి అని. చూస్తే ఇవన్నీ ఒకే కుటుంబం. కంద, చేమ, మనీప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ, డీఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, అన్నీ. కార్పొరేట్ ఆఫీసు లాబీల్లో గాజు గోడల పక్కన ఠీవిగా నిలబడే మొక్కల్లో చాలావాటి అసలు చుట్టాలు మా ఊళ్లో కాలవగట్టున చేమాకులు!

అమ్మకి ఈ కుటుంబం పుట్టినప్పటి నుంచి తెలుసు. కొబ్బరితోటలో చెట్ల నీడన కంద, చేమ, పసుపు వేస్తారు. పైన మట్టల సందుల్లోంచి చెదురుమదురుగా పడే వెలుగు, కింద తేమ. వానలు పడే ఉష్ణమండలపు అడవుల్లో సింగోనియం, పీస్ లిల్లీ బతికేది కూడా ఇంచుమించు ఇలాగే, పెద్ద చెట్ల కింద నీడన. మనీప్లాంట్ స్వస్థలం పసిఫిక్ సముద్రంలో మోరియా అనే చిన్న దీవి. అక్కణ్ణుంచి వచ్చి మన వంటింటి కిటికీలన్నీ ఎక్కేసింది. నేరుగా ఎండ పడని, కిటికీ వెలుగు మాత్రం ఉన్న ఫ్లాట్, రోజూ మొక్క దగ్గరికి వెళ్లి చూసే మనిషి. ఈ రెండూ ఉన్న ఇంటికి సులువైన మొక్కలు ఇవి. స్నేక్ ప్లాంట్ కాదు.

పీస్ లిల్లీ తెచ్చాను. చిన్నది, 120 రూపాయలు, నల్ల కవర్లోనే. అమ్మకి ఒక్కటే చెప్పాను, ఆకులు వాలిన రోజు మాత్రమే పొయ్యి అని. ఐదోరోజు మధ్యాహ్నానికి అది మొత్తం తల వేలాడేసింది, పరీక్ష తప్పిన పిల్లాడిలా. అమ్మ కంగారుపడి పోసింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆకులన్నీ లేచి నిలబడి ఉన్నాయి.

“ఇది అడుగుతుందిరా” అంది అమ్మ. ఆ రోజు నుంచీ దాన్ని ‘పిల్ల’ అంటుంది.

నేర్చుకునేవాళ్లకి కావలసింది ఇదేనని నాకనిపిస్తుంది, అడిగే మొక్క. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ లాంటివి ఏమీ చెప్పవు. లోపల కుళ్లుతున్నా పైకి పచ్చగా ఉంటాయి. తెలిసేసరికి పని అయిపోతుంది. పీస్ లిల్లీ చిన్న తప్పుకే అలుగుతుంది, సరిదిద్దుకోగానే క్షమిస్తుంది. మళ్లీ మళ్లీ వాల్చేయకూడదు అనుకోండి, వేళ్లు దెబ్బతింటాయి. రెండు నెలల్లో అమ్మ తానే మొక్క వాలకముందే కుండీ ఎత్తి చూసి బరువుని బట్టి చెప్పేస్తోంది, బిందెలో నీళ్లెన్నున్నాయో ఎత్తగానే తెలిసినట్టు. అదే కుండీకి మే నెలలో మూడు రోజులకోసారి పోస్తే, ఆగస్టులో ముసురు పట్టినప్పుడు పది రోజులైనా అక్కర్లేకపోయింది. ‘వారానికి రెండుసార్లు’ లాంటి సలహాలు నేను నమ్మనిది ఇందుకే. ఏ వారం?

ఆకుల కొసలు ఎండటం మాత్రం మా దగ్గర ఆగలేదు. మాది బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్. రెంటిలోనూ ఉప్పులెక్కువ. ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు పొదుపని మొక్కలకి పోసేవాళ్లున్నారు. అందులో ఉప్పులు ఇంకా ఎక్కువ, ఇల్లు తుడవడానికి వాడుకోండి. వానాకాలం బాల్కనీలో బకెట్ పెట్టి పట్టిన నీళ్లు పోస్తే కొత్త ఆకులు కొసల దాకా పచ్చగా వచ్చాయి. వేసవిలో ఏసీ పైపు నీళ్లు పోస్తున్నాం.

నర్సరీ మొక్క ఇంటికి రాగానే ఎందుకు దిగులు పడుతుందో కూడా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో అమ్మే మొక్కల్లో చాలా భాగం రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక నర్సరీల నుంచి వస్తాయి. అక్కడ ఆకుపచ్చ షేడ్ నెట్ కింద గోదావరి గాలికి హాయిగా పెరిగి, లారీలో రాత్రంతా ప్రయాణం చేసి, ఇక్కడ రోడ్డు పక్కన దుమ్ములో వారం పది రోజులు నిలబడి, ఆ తర్వాత మన ఏసీ హాల్లోకి వస్తాయి. నాలుగు ఆకులు రాల్చడం దాని హక్కు. వచ్చిన రోజే కుండీ మార్చి, ఎరువేసి, ‘బలం’ టానిక్ కొట్టి చంపకండి. మూడు వారాలు ఊరికే కిటికీ దగ్గర వదిలేయండి. తర్వాత మార్చేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న జిగురు మట్టి ముద్దని కొంచెం వదులు చేసి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్, కాస్త ముతక ఇసుక కలిపిన గుల్ల మట్టిలో పెట్టాలి. ఆ ముద్దని అలాగే పాతితే, చుట్టూ మట్టి ఆరిపోయినా మధ్యలో తడి అలాగే ఉంటుంది. లేదా ముద్ద గట్టిపడి, పోసిన నీళ్లు పక్కల నుంచి జారి కిందికి పోతాయి.

ఇక్కడే నాకు ఎప్పటి నుంచో ఉన్న ఒక సందేహం తీరింది. మనీప్లాంట్ కొనకూడదు, ఎవరింట్లోనైనా దొంగతనంగా తెంపుకొస్తేనే బతుకుతుంది, కలిసొస్తుంది అంటారు కదా. కలిసి రావడం సంగతి నాకు తెలియదు, కలిసొచ్చినవాళ్లెవరూ నాకు చెప్పలేదు. బతకడం మాత్రం నిజమే, దానికి కారణం ఉంది. పక్కింటి తీగ మీ అపార్ట్‌మెంట్ వెలుగుకి, మీ బోరు నీళ్లకి, మీ వీధి వేడికి అప్పటికే అలవాటుపడి ఉంటుంది. షేడ్ నెట్ కింద గారాబంగా పెరిగిన దానికన్నా అది గట్టిది. డబ్బు కూడా మిగులుతుంది, ఆ లెక్కన కలిసొచ్చినట్టే.

తెచ్చిన తీగని మట్టిలో కూడా పెట్టనక్కర్లేదు. ఖాళీ సీసాలో నీళ్లు పోసి, కణుపు ఒకటైనా మునిగేలా పెడితే కణుపు దగ్గర నుంచే వేళ్లొస్తాయి. కణుపు లేకుండా ఆకు ఒక్కటే పెడితే మహా అయితే వేళ్లు రావచ్చు, తీగ మాత్రం ఎప్పటికీ రాదు. నీళ్లలో వేరు కుళ్లదా అని అడుగుతారు. నీళ్లలోనే పుట్టిన వేరు దానికి తగ్గట్టుగా పెరుగుతుంది, తాజా నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఉంటుంది. వారానికోసారి నీళ్లు మార్చాలి. వేరు కోసమే కాదు, దోమల కోసం కూడా. ప్రతి ఆదివారం 10 గంటలకు 10 నిమిషాలు అని మున్సిపాలిటీవాళ్లు ప్రచారం చేసేవారు కదా, అదే టైమ్ పెట్టుకున్నాం. ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. నీళ్లలో ఉన్నదానికి నీళ్లు ఎక్కువ పోయడం అమ్మకి కూడా చేతకాదు.

ఆక్సిజన్ గురించి ఒక మాట. 2021లో రెండో వేవ్ అప్పుడు సిలిండర్ల కోసం జనం పరుగులు పెడుతుంటే, ‘ఆక్సిజన్ ప్లాంట్స్’ అని మొక్కల ఫార్వార్డులు తిరిగాయి. మేమూ రెండు కొన్నాం, భయంలో ఏదైనా కొంటాం. స్నేక్ ప్లాంట్ రాత్రుళ్లు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడం నిజమే. కానీ ఆక్సిజన్ తయారుకావాలంటే వెలుగుండాలి, లైటార్పిన పడగ్గదిలో అది కుదిరే పని కాదు. గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారానికి మూలం 1989 నాటి నాసా అధ్యయనం. అది చిన్న మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగం. అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలన్నీ తిరగేసి 2019లో ఒక లెక్క తేల్చారు. మామూలుగా గాలి ఆడే ఇంట్లో వచ్చీపోయే గాలి చేసే పనితో మొక్కలు సమానం కావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలట. మా ఫ్లాట్ 1,150 చదరపు అడుగులు, అంటే సుమారు 107 చదరపు మీటర్లు. తక్కువలో తక్కువ వెయ్యికి పైగా మొక్కలు. మేమెక్కడ పడుకోవాలి? కిటికీ తెరిస్తే పోయే పనికి మొక్క మీద అంత బరువు పెట్టడం దేనికి! పచ్చగా ఉంటుంది, చూస్తే బావుంటుంది, ఆ కారణం చాలదా?

మా ఆఫీసులో ఒకతను గచ్చిబౌలిలో ఒక్కడే ఉంటాడు, పదిహేను రోజులకోసారి వైజాగ్ పోతాడు. అతనికి పీస్ లిల్లీ ఇస్తే హత్యే. అతనికి నేనే స్నేక్ ప్లాంట్ కొనిచ్చాను, చిల్లున్న మట్టికుండీలో. నల్లేరు మీద బండిలా నడుస్తోంది. ఇంట్లో పాకే బిడ్డో, పెంపుడు పిల్లో ఉన్నవాళ్లయితే కంద కుటుంబం మొత్తం చేతికందనంత ఎత్తున పెట్టాలి. డీఫెన్‌బాకియా అయితే అసలు తేకపోవడం మేలు, దాని రసం నోట్లో పడితే నాలుక వాస్తుంది. వాళ్లకి స్పైడర్ ప్లాంట్ చెబుతాను, నమిలినా పెద్ద ప్రమాదం లేదు. తులసి, గులాబి, మందారం మాత్రం ఎవరు అడిగినా ఇంట్లో వద్దంటాను, వాటికి ఎండ కావాలి. కలబంద కూడా అంతే, లోపల పెడితే సాగి సాగి వాలిపోతుంది.

“నా హస్తవాసి మంచిది కాదండీ, ఏం పెట్టినా చస్తుంది” అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు నాకు. ఏం మొక్క తెచ్చారంటే అదే పేరు చెబుతారు, చంపినా చావనిది. ఎక్కడ పెట్టారంటే టీవీ పక్కన.

మొన్న ఆదివారం సీసాల్లో నీళ్లు మారుస్తుంటే పక్క ఫ్లాట్ అమ్మాయి వచ్చింది. ఇంజినీరింగ్ రెండో ఏడు. హాస్టల్ గదికి ఒక మొక్క కావాలట. “అమ్మమ్మగారూ, ఒక కొమ్మ ఇస్తారా?” అని అడిగింది.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. “ఇస్తే బతకదే తల్లీ. నేను లోపలికెళ్తున్నా, అప్పుడు తెంపుకో” అని చెంబు పట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది. “కణుపు చూసి తెంపు.”